కుర్చీ చేసినాయన పేరుంది, బట్ట నేసినామె పేరేదీ?

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలో జర్మనీ బౌహౌస్ డిజైన్ స్కూలు మీద వేసిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఈ స్కూలుకు రెండు పేజీలు ఇవ్వడం చిన్న సంగతేమీ కాదు. 1922 డిసెంబరులో అక్కడి చిత్రకారుల బొమ్మలు కలకత్తాలో ప్రదర్శనకు వచ్చిన విషయం కూడా మర్చిపోకుండా రాశారు, సంతోషం. చివరి పేరా దగ్గరే నాకు పేచీ. 1933లో నాజీల ఒత్తిడితో స్కూలు మూతపడింది, అక్కడివాళ్లంతా దేశదేశాలకు వెళ్లి ఆ కళను పంచారు అని ముగించారు. అంతా వెళ్లలేదండీ. వెళ్లలేకపోయినవాళ్లలో ఒకామె గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను మగ్గాల ఇంట్లో పుట్టి, పాలిటెక్నిక్‌లో టెక్స్‌టైల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కాబట్టి మీ పేజీలో నా కన్ను ముందు పడింది మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాల కుర్చీ ఫొటో మీద. గొట్టం గురించి రాశారు, దాని వంపు గురించి రాశారు. మనిషి కూర్చునేది, వీపు ఆనించేది మాత్రం బట్ట మీద. దాని ఊసే లేదు. అలాంటి కుర్చీలకు గంజి, మైనం పట్టించి గట్టిపరిచిన నూలుతో నేసిన బట్ట వాడేవారు. ఆ నూలును మెరుగుపరిచింది ఆ స్కూలు నేత విభాగంలో చదువుకున్న మార్గరెటా రైషార్ట్. తర్వాత ఆమె ఎర్ఫుర్ట్‌లో సొంత నేతశాల పెట్టుకుంది. యుద్ధం అయ్యాక ఆ ఊరు తూర్పు జర్మనీలోకి పోయినా మగ్గం ఆపలేదు, 1984లో పోయేదాకా నడిపింది.

1919లో స్కూలు పెట్టినప్పుడు దాని స్థాపకుడు గ్రోపియస్ ఆడా మగా తేడా చూపించబోమని చెప్పాడు. తీరా అమ్మాయిలు ఎక్కువమంది వచ్చేసరికి చాలామందిని నేత వైపు తోశారు. గాజు పని నేర్చుకుందామని వచ్చిన అన్నీ ఆల్బర్స్ అలాగే మగ్గం ముందు తేలింది. ఇష్టంగా చేరినామె గుంటా స్టోల్జల్. 1927 నుంచి ఆ విభాగానికి ఆమే పెద్ద. పాలస్తీనా నుంచి వచ్చిన యూదు విద్యార్థి ఆరీ షరోన్‌ను పెళ్లాడినందుకు జర్మన్ పౌరసత్వం పోయింది, 1931లో ఉద్యోగమూ వదులుకోవలసి వచ్చింది. స్విట్జర్లాండ్ చేరి, జ్యూరిక్‌లో 1967 దాకా నేతశాల నడిపింది.

నేను చెప్పదలచుకున్నది ఓటీ బెర్గర్ గురించి. 1898లో పుట్టింది. ఊరు జ్మయేవాత్స్, అప్పుడు ఆస్ట్రియా-హంగరీ, ఇప్పుడు క్రొయేషియా. చెవులు సరిగా వినపడవు. 1927లో, స్కూలు డెసావ్ ఊళ్లో ఉన్నప్పుడు, అక్కడ చేరింది. చేరిన కొత్తల్లోనే ఇనుప వల ముక్క మీద రకరకాల దారాలతో త్రికోణాలు అల్లి, వేళ్లతో తడిమి చూసే పలక ఒకటి తయారు చేసింది. బట్టను కంటితో చూస్తే చాలదు, చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి అనేది ఆమె వాదన. దీన్ని పెద్ద సిద్ధాంతంగా పుస్తకాల్లో చెబుతారు గానీ, పడుగు పట్టిన ఏ ముసలమ్మను అడిగినా ఇదే అంటుంది. స్టోల్జల్ వెళ్లిపోయాక విభాగాన్ని నడిపింది. 1932లో బెర్లిన్‌లో సొంత స్టూడియో పెట్టి, పరిశ్రమలకు బట్టలు డిజైన్ చేసింది. తన నేతకు పేటెంట్లు తీసుకుంది. తను రూపొందించిన బట్ట అమ్మేటప్పుడు తన పేరు ఉండాలని కంపెనీలతో పట్టుబట్టేది. నేతగాళ్లలో ఇంత గట్టిగా అడిగినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. మన దగ్గర ఇప్పటికీ అరుదే.

యూదు మనిషి కావడంతో 1936లో ఆమె పనిచేయకుండా నిషేధించారు. 1937లో లండన్ వెళ్లింది. భాష రాదు, వినపడదు, తెలిసినవాళ్లు తక్కువ, నిలకడైన పని దొరకలేదు. అమెరికా వెళ్లాలని చూసింది. బౌహౌస్‌లో ఒకప్పుడు పాఠాలు చెప్పిన మొహోలీ-నాజ్ చికాగోలో కొత్త స్కూలు పెట్టి రమ్మన్నాడు. ఆమె కాబోయే భర్త, ఆర్కిటెక్ట్ హిల్బర్‌జైమర్ 1938లో అక్కడికి చేరుకున్నాడు. ఆమెకు మాత్రం వీసా రాలేదు. తల్లికి జబ్బు చేస్తే సొంతూరు తిరిగి వెళ్లింది. 1944లో అక్కడి నుంచి నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌కు పట్టుకుపోయి చంపేశారు.

ఆల్బర్స్ కూడా యూదు కుటుంబం నుంచే వచ్చింది. 1933లో అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్ సిఫారసుతో ఆమెకూ భర్తకూ అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. 1949లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఆమె నేతలకు సొంత ప్రదర్శన పెట్టారు. ఆ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ సమయానికి ఒక సిఫారసు దొరకడం కూడా ఆ కథలో భాగమే కదా.

ఇంకో సంగతి. ఓటీ డెసావ్‌లో ఉన్న రోజుల్లోనే ఫ్రిట్జ్ ఎర్టల్ అనే ఆస్ట్రియా కుర్రాడు కూడా అక్కడ చదివాడు, 1928 నుంచి 1931 దాకా. తర్వాత నాజీల ఎస్.ఎస్. దళంలో చేరి ఆష్‌విట్జ్ నిర్మాణ కార్యాలయంలో పనిచేశాడు. ఆష్‌విట్జ్‌లో భాగమైన బిర్కెనావ్ క్యాంపు నక్షాల్లో అతని చెయ్యుంది. 1972లో వియన్నా కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఈ పేరు కూడా రాస్తేనే స్కూలు చరిత్ర పూర్తవుతుంది. మంచి గీత నేర్పిన బడి మంచి మనుషుల్నే తయారు చేస్తుందని నేనైతే నమ్మను. టీచరు పని చేసినదాన్ని కాబట్టే చెబుతున్నాను.

వీలైతే రెండో భాగంగా, వెళ్లలేకపోయినవాళ్ల మీద ఒక వ్యాసం వేయండి. ఇంకో చిన్న కోరిక. మీ అనుబంధంలో పండగలకు చీరల పేజీ వస్తుంది. మోడల్ పేరు, షాపు పేరు, ఫొటోగ్రాఫర్ పేరు ఉంటాయి. ఈ దసరాకు నేసినవాళ్ల పేరూ అడిగి వేయండి. షాపువాళ్లు మాకు తెలియదంటారు. కానీ సరుకు ఏ ఊరి నుంచి, ఏ సొసైటీ నుంచి వచ్చిందో వాళ్ల బిల్లుల్లో ఉంటుంది. అక్కడి నుంచి మగ్గం దాకా వెళ్లి కనుక్కోవడం మీ విలేకరికి ఒక పూట పని.

ఇట్లు,
రిటైర్డ్ టెక్స్‌టైల్ లెక్చరర్,
చీరాల