కళ్ళజోళ్ళు కొనే ముందు అనాటమీ టీచర్లని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మెడికల్ కాలేజీల్లో ఆగ్మెంటెడ్ రియాలిటీతో (ఏఆర్, అంటే కళ్ళజోడులోనో ఫోన్‌లోనో చూస్తే కంప్యూటర్ బొమ్మ మన ఎదురుగానే ఉన్నట్టు చూపించే టెక్నాలజీ) పాఠాలు అంటూ ఈమధ్య తెగ వింటున్నాం కదండీ, ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లలకి అనాటమీ (శరీర నిర్మాణం) చెప్పేదాన్ని కాబట్టి దీని గురించి రాయాలనిపించింది. ఇది రావాలనే నా కోరిక. చేతికి వెళ్ళే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్ ఉంది చూడండి, మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఐదు నరాల మూలాలు (సీ5 నుంచి టీ1 దాకా) బయల్దేరి, కలిసి, చీలి, మళ్ళీ కలిసి చంకలో ఆర్టరీ (రక్తనాళం) చుట్టూ చేరతాయి, బోర్డు మీద ఎంత బాగా గీసినా ఏది ముందుందో ఏది వెనకుందో పిల్లలకి అందదు. అదే ఏఆర్ కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా గాల్లో కనిపించే బొమ్మ చుట్టూ తిరుగుతూ, కండరాలు ఒక్కోటీ పక్కకి తీసేసి ఒకే నరాన్ని పట్టుకుని వేళ్ళ దాకా వెళ్ళారనుకోండి, ఇక మర్చిపోరు. పైగా వీఆర్ (వర్చువల్ రియాలిటీ) లాగా చుట్టుపక్కల అంతా మూసుకుపోదు, టీచరూ పక్కవాళ్ళూ కనిపిస్తూనే ఉంటారు, డౌటొస్తే అక్కడే అడగొచ్చు.

నా భయమల్లా కొనే పద్ధతి గురించే. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్ళు మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ అనే ఏఆర్ కళ్ళజోడు మీద హోలోఅనాటమీ అని పాఠాలు తయారు చేసుకున్నారు, ఆ పనిని 2015 లోనే అందరికీ చూపించారు. ఆ కళ్ళజోడు తర్వాతి మోడల్ హోలోలెన్స్ 2 ఒక్కోటి 3,500 డాలర్లతో మొదలైంది, 2024 లో కంపెనీ దాని తయారీనే ఆపేసింది. రేపు మన గవర్నమెంటు కాలేజీలు కోట్లు పోసి కొన్నాక ఇలాగే జరిగితే రిపేరుకి పార్టులు ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకే ముందు పాఠాలు తయారు చేయించండి, అవి మామూలు ట్యాబ్‌లోనూ ఫోన్‌లోనూ నడిచేలా ఉండాలి.

ఇంకోటి, ఏఆర్ వచ్చింది కదా ఇక డిసెక్షన్ (దానంగా వచ్చిన శరీరాన్ని కోసి నేర్చుకోవడం) ఎందుకని మాత్రం ఎవరూ అనకూడదు. బొమ్మలో గాల్ బ్లాడర్‌కి రక్తం తెచ్చే సిస్టిక్ ఆర్టరీ ఎప్పుడూ పుస్తకంలో చెప్పిన చోటే ఉంటుంది, నిజం శరీరంలో కొందరికి వేరే చోటు నుంచి వస్తుంది, గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో ప్రమాదం తెచ్చేది సరిగ్గా అలాంటి తేడాలే. పక్క టేబుల్ మీది శరీరంలో ఇంకోలా ఉందే మేడమ్ అని పిల్లలు పిలిచినప్పుడు వాళ్ళు నేర్చుకునేది ఏ బొమ్మా నేర్పదు. నరాన్నీ రక్తనాళాన్నీ వేళ్ళతో పట్టుకుని తేడా తెలుసుకోవడం కూడా అంతే. 2023 లో ఏపీలో ఐదు కొత్త కాలేజీలు ఒక్కసారే మొదలై 750 సీట్లు వచ్చాయి, తెలంగాణలోనూ జిల్లాకో కాలేజీ అన్నారు, సంతోషమే, కానీ సీట్లు పెరిగినంత స్పీడుగా టీచర్లూ రారు, దేహదానాలూ రావు. ఆ కొరతని కళ్ళజోళ్ళతో కప్పేస్తే నష్టపోయేది రేపటి పేషెంట్లే.

విజయవాడలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ వాళ్ళు రెండు రాష్ట్రాల అనాటమీ టీచర్లని కూర్చోబెట్టి పాఠాలు ఒక్కసారి చేయించి అన్ని కాలేజీలకీ ఫ్రీగా ఇస్తే బావుంటుంది. దాంతోపాటు దేహదానం కోసం ప్రతి జిల్లాలో రాత్రయినా పగలయినా ఎత్తే ఒక ఫోన్ నంబరు పెట్టండి, దానం చెయ్యాలని ఉన్నా మనిషి పోయిన ఆ సమయంలో ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయండీ.

ఇట్లు
ఒక అనాటమీ అసిస్టెంట్ ప్రొఫెసర్