హార్బర్ బొమ్మలు ఇక వెయ్యను, ప్రింట్లు మాత్రం ఉంటాయి

ఈ మధ్య ఆర్డర్ పెట్టేవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఒకటే: “హార్బర్ బొమ్మల్లాంటివి మళ్లీ ఎప్పుడు వేస్తారు?” ఉన్నమాట చెప్పేస్తాను. వెయ్యను. విశాఖ ఫిషింగ్ హార్బర్, భీమిలి తీరం, డాల్ఫిన్స్ నోస్ మీద మంచు, వీటన్నిటినీ పల్చటి వాటర్‌కలర్‌లో ఏళ్ల తరబడి వేశాను. ఇప్పుడు చెయ్యి అటు పోవడం లేదు. పేలెట్ నైఫ్‌తో, అంటే రంగు పూసే పల్చటి చాకుతో, యాక్రిలిక్ రంగు దట్టంగా పూస్తున్నాను. పడవ ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చూసేవాళ్లే తేల్చుకోవాలి. దీనివల్ల కొన్ని ఆర్డర్లు తగ్గాయి, దాచడం ఎందుకు.

అసలు చిక్కు ప్రింట్లతో. వాటర్‌కలర్ పుట్టిందే కాగితం మీద. 308 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 308 గ్రాముల బరువుండే) కాటన్ పేపర్ మీద పిగ్మెంట్ ఇంకుతో తీస్తే ఏది అసలో ఏది ప్రింటో నాకే ఓ క్షణం పట్టేది. స్కానర్ సరిపోయేది. నైఫ్ పని అలా లొంగదు. గట్టుకట్టిన రంగు మీద వెలుతురు పడితే తెల్లటి మెరుపు మచ్చలొస్తాయి. అందుకని ఫొటో తీయిస్తున్నాం: రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు, లైట్లకీ లెన్స్‌కీ పోలరైజింగ్ ఫిల్టర్లు. మెరుపు పోతుంది. దాంతోపాటు గట్ల నీడ కూడా పోయి బొమ్మ చపాతీలా చదునైపోతుంది! ఒక పక్క లైటు కాస్త పెంచితే నీడ తిరిగొస్తుంది. ఆ పాళ్లు కుదిరేదాకా ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా ప్రింటు) మీద ప్రూఫ్.

బంగారు రంగు వాడిన బొమ్మలకైతే ప్రింట్లే ఉండవు. మేం తీయించే ప్రింటర్‌లో బంగారు ఇంకు లేదు. అసలులో తళుక్కుమనే పడవ అంచు కాగితం మీద ఆవపిండి రంగులోకి దిగిపోతోంది.

క్యాన్వాస్ ప్రింటు మీద జెల్ పూసి కుంచె గీతలు తెప్పించమని కొందరు చెప్పారు. మార్కెట్లో అది మామూలే. కానీ ఆ గీతలు నా బొమ్మలోవి కావు. ప్రింటు ప్రింటులాగే ఉండాలి, అందులో చిన్నతనం ఏముంది? రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి ఓలియోగ్రాఫులు (తైలవర్ణ చిత్రాల్లా కనిపించే రంగు అచ్చులు) తీయబట్టే కదా, ఆయన లక్ష్మీ సరస్వతులు మామూలు ఇళ్ల దేవుడి గదుల్లోకి వచ్చారు.

ధరలు: కాగితం దిగుమతిది, ప్రూఫుల ఖర్చు పైన. కొత్త ప్రింట్లు పాతవాటికంటే ఖరీదే. పాత ధరలు మార్చడం లేదు. హార్బర్ సిరీస్‌లో ఒక్కో బొమ్మకు 50 ప్రింట్లే అని నంబరు వేసి సంతకం పెట్టాను. అవి అయిపోతే సైజు మార్చి కూడా మళ్లీ తీయను.

ఫ్రేమ్ మీరే కట్టించుకుంటే ప్రింటుకీ అద్దానికీ మధ్య మౌంట్ (ఎడం ఉంచే అట్ట చట్రం) పెట్టించండి. మన ఊరి చెమ్మకు ప్రింటు అద్దానికి అతుక్కుంటే చిరగకుండా ఊడదీయడం కష్టం.

కొత్త ప్రూఫులు స్టూడియోలో అసలు బొమ్మల పక్కనే పెట్టాం. వచ్చేవాళ్లు పగటిపూట రండి, ట్యూబ్‌లైట్ కింద బొమ్మల్లోని నీలం రంగులు వేరేలా కనిపిస్తాయి.