స్కాన్ కన్నా ముందు నడకను గమనించినవారికి కృతజ్ఞతలు

నడుములో స్పైనల్ స్టెనోసిస్ (నరాలు వెళ్లే వెన్ను కాలువ ఇరుకవడం) ఉందని తేలిన మా పెద్దవాళ్లకు దారి చూపిన ఎముకల డాక్టరుగారికి, రేడియాలజిస్టుగారికి, ఫిజియోథెరపీ బృందానికి మా కుటుంబాలన్నిటి తరఫునా కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఇంకొందరికి పనికొస్తాయని ఇక్కడ రాసి పెడుతున్నాం.

డాక్టరుగారూ, ఫిల్ములు తెరవకముందే మీరు అడిగిన ప్రశ్నతోనే సగం చిక్కు విడిపోయింది: నడిచేటప్పుడు కాళ్లు లాగితే ఆగి నిలబడితే తగ్గుతుందా, కూర్చుంటేనే తగ్గుతుందా? నిటారుగా ఉంటే వెన్ను కాలువ ఇంకా ఇరుకవుతుంది, ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. అందుకే వంద అడుగులు వేయలేనివాళ్లు కూడా ట్రాలీ మీద వాలి నడవగలరు, సైకిల్ తొక్కగలరు. ఊరికే నిలబడితేనే పిక్క నొప్పి తగ్గిపోతే అనుమానం రక్తనాళాల మీదికి పోవాలి, పాదాల్లో నాడి చూడాలి. రెండూ కలిసి ఉండేవాళ్లూ లేకపోలేదు.

రేడియాలజిస్టుగారు రిపోర్టును మాటల్లో విప్పి చెప్పారు. ముందు నుంచి డిస్కు ఉబ్బుతుంది, పక్కల ఫాసెట్ కీళ్లు (పూసలను కలిపే చిన్న కీళ్లు) పెరుగుతాయి, వెనక లిగమెంటు (పూసలను పట్టి ఉంచే పట్టీ) మందమెక్కుతుంది; ఈ మూడూ కలిసి ఎక్కువగా ఎల్4-ఎల్5 (నడుములో నాలుగు, ఐదో పూసల మధ్య) దగ్గర నరాలను నొక్కుతాయి. నరాల సంచి వైశాల్యం 100 చదరపు మిల్లీమీటర్లకు తగ్గితే ఇరుకు అంటారు, 75కు తగ్గితే తీవ్రం అంటారు. అయినా ఆ అంకె నొప్పికి కొలత కాదు. ‘సివియర్’ అని రాసి ఉన్నా చక్కగా తిరిగేవాళ్లున్నారు. పైగా ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, బాధేమో నిలబడితే వస్తుంది.

ఫిజియో బృందానికి మా అప్పు అన్నిటికన్నా పెద్దది. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీకి లాగి 20 సెకన్లు పట్టడం, ఒక్కో కాలికి మూడు నాలుగు సార్లు. నడుమును నేలకు నొక్కి 5 సెకన్లు, పది సార్లు. నొప్పి ముదరకముందే కూర్చుని, తగ్గాక మళ్లీ లేచి, విడతలుగా మొత్తం 20 నిమిషాల నడక. భుజంగాసనంలా వెనక్కి వంచేవి చాలామందికి పడవు. వంగితే హాయిగా ఉందని రోజంతా వంగే ఉంటే తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతాయి. ఎముకలు గుల్లబారినవాళ్లు బలంగా ముందుకు వంగకూడదు. ఈ హెచ్చరిక చాలా చోట్ల వినపడదు.

నొప్పి మాత్రలు వయసు పైబడినవారి కిడ్నీలకు, కడుపుకు చేటు చేయొచ్చు. ఇంజెక్షన్‌తో ఉపశమనం వచ్చినా కొన్నాళ్లే. ఆపరేషన్ గురించి ఏదీ దాచకుండా చెప్పారు: నరాల మీద ఒత్తిడి తీసేస్తే కాళ్ల నొప్పి బాగా తగ్గుతుంది, నడుం నొప్పి అంతగా తగ్గకపోవచ్చు, పాత తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. పూస జారి కదులుతుంటే తప్ప పూసలను బిగించే స్క్రూలు అందరికీ అక్కర్లేదన్న మాట చాలా భయాలు తీర్చింది.

మూత్రం ఆగిపోవడం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి. మేం అడక్కుండానే ఈ మాట చెప్పినందుకు వేరేగా ఇంకో నమస్కారం.