ముందు ఫిల్టర్ సైజు చూడండి, ఎఫ్ నంబరు తర్వాత

సంపాదకులకు,

నలుపు-తెలుపు డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాల (విడి కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మలను కలిపి ఫోకస్ చేసేవి) మీద మీరు వేసిన వ్యాసం సెన్సర్ గురించి బాగా చెప్పింది గానీ లెన్సుల దగ్గరికి వచ్చేసరికి దారి తప్పింది. స్తోమత ఉన్నంతలో అన్నిటికన్నా పెద్ద అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ అది పెద్దది) ఉన్న లెన్సు కొనమనీ, రంగు ఫిల్టర్ల పని తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చుననీ అందులో సలహా ఇచ్చారు. మామూలు రంగు కెమెరాకైతే రెండో మాట నిజమే. ఈ కెమెరాకు రెండు మాటలూ కుదరవు. ఖరీదైన వ్యవహారం కాబట్టి పాఠకులు లెన్సు కొనేముందే ఈ సంగతి తెలియడం మంచిది.

లైకా 2012లో తెచ్చిన ఎం మోనోక్రోమ్ నుంచి టైప్ 246 (2015), ఎం10 మోనోక్రోమ్ (2020), ఎం11 మోనోక్రోమ్ (2023) వరకు అన్నిటిదీ ఒకటే పద్ధతి. సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడుల జల్లెడ ఉండదు. పిక్సెల్ మీద ఎంత వెలుతురు పడిందో ఫైల్లో ఉంటుంది, ఏ రంగు వెలుతురో ఉండదు. నీలి ఆకాశం, దాని పక్కన తెల్ల మబ్బు ఒకే బూడిద రంగులో వచ్చాయంటే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని వేరు చేయలేదు, నీలం చానెల్‌ను కిందికి లాగుదామంటే అసలు ఆ చానెలే లేదు. వాటిని విడదీసే అవకాశం షట్టర్ నొక్కే క్షణంలో, లెన్సు ముందున్న పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ గాజుకే ఉంది. ఫిల్టర్‌ను విడి ఉపకరణంగా కాక లెన్సులో ఒక భాగంగానే లెక్క వేసుకోవాలి.

అందుకే కొనేవాళ్లు మొదట చూడాల్సిన అంకె ఫిల్టర్ మర సైజు, అంటే లెన్సు ముందు ఫిల్టర్‌ను బిగించే మర వ్యాసం. ఒక్కో లెన్సుకు ఒక్కో సైజు ఉంటే నాలుగు రంగుల చొప్పున మూడు లెన్సులకు పన్నెండు ఫిల్టర్లు మోయాలి. మోయరు. సంచిలో ఉన్నదేదో పెట్టి తీస్తారు, లేదా అసలు పెట్టరు. లైకాలో 28 మి.మీ. ఎల్మారిట్ ఎఫ్ 2.8 ఆస్ఫెరికల్, 50 మి.మీ. సుమిక్రాన్ ఎఫ్ 2, 90 మి.మీ. మాక్రో-ఎల్మార్ ఎఫ్ 4, ఈ మూడింటికీ 39 మి.మీ. మరే. జైస్ కంపెనీ లైకా ఎం కెమెరాలకు సరిపోయేలా చేసిన జెడ్‌ఎం వరుసలో 35 మి.మీ. బయోగాన్ ఎఫ్ 2, 50 మి.మీ. ప్లానార్ ఎఫ్ 2 రెండూ 43. అదే జైస్‌లో 28 మి.మీ. బయోగాన్, 50 మి.మీ. సి-సొన్నార్ ఎఫ్ 1.5 మాత్రం 46. చిన్న మరకు పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్-అప్ రింగులు వేసి అన్నిటినీ 46కు తేవచ్చు. అయితే చిన్న లెన్సుకు రింగు తగిలిస్తే దాని సొంత హుడ్ చాలాసార్లు ఎక్కదు, వ్యూఫైండర్ మూల కూడా కొంచెం మూసుకుపోతుంది. పాత 40 మి.మీ. సుమిక్రాన్-సి చిన్నది, చక్కటిది, ధరలోనూ నయం. కానీ అది సిరీస్ 5.5 అనే మరలేని ఫిల్టర్లు అడుగుతుంది, పైగా వ్యూఫైండర్లో 50 మి.మీ. గీతలను (ఫొటోలో ఎంత మేర వస్తుందో చూపే చట్రం) తెస్తుంది. ఈ కెమెరాకు దాన్ని మొదటి లెన్సుగా ఎవరికీ చెప్పను.

ఫిల్టర్ పెడితే వెలుతురు తగ్గుతుంది: పసుపుకు సుమారు ఒక స్టాప్ (అంటే వెలుతురు సగమవడం), నారింజకు రెండు, ముదురు ఎరుపుకు మూడు. ఇవి ఫిల్మ్ కాలపు అంకెలు, సెన్సర్‌కు కాస్త అటూఇటూ అవుతాయి. మీటర్ లెన్సు గుండానే కొలుస్తుంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఎం11కు ముందరి కెమెరాల్లో షట్టర్ రెక్కల మీద పడ్డ వెలుతురును చూసే మీటర్ కణం ఎరుపుకు స్పందించే తీరు, సెన్సర్ స్పందించే తీరు ఒకటి కావు. ఎరుపు ఫిల్టర్‌తో మొదటి ఫొటో తీశాక హిస్టోగ్రామ్ (వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) చూసి, తేడా ఎంతో గుర్తుపెట్టుకుని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ పెట్టుకోండి.

ఎరుపు ఫిల్టర్‌తో వచ్చే అసలు చిక్కు ఫోకస్‌ది. రేంజ్‌ఫైండర్ వ్యూఫైండర్ లెన్సు గుండా చూడదు. లెన్సు వెనకనున్న కామ్ (ఫోకస్ రింగుతో పాటు కదిలే లోహపు అంచు) ఎంత కదిలిందో దాన్నిబట్టి దూరం చెబుతుంది. ఆ కామ్‌ను సరిచేసింది తెల్ల వెలుతురుకు. ఎక్కువ లెన్సుల్లో ఎరుపు కిరణాలు మిగతావాటికన్నా కొంచెం వెనక కలుస్తాయి. అలాంటి లెన్సుకు ఎరుపు గాజు తగిలించి మనిషి కంటి మీద ఫోకస్ చేస్తే పదును చెవి మీదికి పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ కోసం పాత లెన్సుల మీద ఎర్ర చుక్క పెట్టిందీ ఇందుకే. ఇక్కడ తేడా అంతకన్నా తక్కువ, సవరణ మాత్రం అటువైపే: రేంజ్‌ఫైండర్లో బొమ్మలు కలిశాక ఫోకస్ రింగును దగ్గరి దూరం వైపు రవ్వంత తిప్పాలి. ఎంత అన్నది లెన్సు లెన్సుకూ మారుతుంది. టైప్ 246 నుంచి లైవ్ వ్యూ (సెన్సర్ చూసేది అప్పటికప్పుడు తెర మీద కనబడటం) ఉంది కనుక ఫిల్టర్ పెట్టి, తెర మీద పెద్దది చేసి చూసుకోవచ్చు. 2012 నాటి కెమెరాలో ఆ సదుపాయం లేదు, ఎఫ్ 5.6 దాకా మూయడమే దారి. మొదటి మోనోక్రోమ్‌తో పాటే 2012లో 50 మి.మీ. ఆపో-సుమిక్రాన్‌ను ప్రకటించారు. వేర్వేరు రంగులను ఒకే చోట కలపడమే ఆపో లెన్సు పని. అంత డబ్బు పెట్టడం అందరికీ అవసరమా అంటే, ఎరుపు ఫిల్టర్‌తో అపెర్చర్ తెరిచి తీసేవాళ్లకు అవసరం, పసుపుతో ఎఫ్ 5.6 దగ్గర తీసేవాళ్లకు లేదు.

వర్ణ దోషం (లెన్సు అన్ని రంగులనూ ఒకే చోట కలపలేకపోవడం) గురించి మీ వ్యాసం రాసిన వాక్యం ఇంకా పెద్ద పొరపాటు. నలుపు-తెలుపులో రంగే లేదు కాబట్టి అంచుల్లో ఊదా గీతల బెడద ఉండదన్నారు. గీత కనబడదు, దోషం ఉంటుంది. రంగు కెమెరాలో మూడు రంగుల బొమ్మలు మూడు చానెళ్లలో విడిగా ఉంటాయి కనుక సాఫ్ట్‌వేర్ వాటిని సాగదీసి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. ఇక్కడ మూడూ ఒకే పొరలో కలిసిపోయి, ఆకాశం ముందు కొమ్మల చుట్టూ బూడిద రంగు మసకగా మిగులుతాయి. దాన్ని విడదీయడం కుదరదు. పసుపు ఫిల్టర్ పెడితే నీలం, ఊదా తెగిపోయి చాలా లెన్సుల్లో పదును కంటికి తెలిసేంత పెరుగుతుంది. మామూలు లెన్సు కొన్నవాళ్లకు ఇది చవకగా దొరికే మేలు.

ఇందుకు తిరగేసిన లాభం వైడ్ లెన్సుల్లో ఉంది. వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా ఉండే పాత పద్ధతి వైడ్ లెన్సులు, ఉదాహరణకు 21 మి.మీ. సి-బయోగాన్ ఎఫ్ 4.5, రంగు సెన్సర్ల మీద అంచులకు గులాబీ ఛాయ తెస్తాయని పేరుపడ్డాయి. రంగు గడులు లేని సెన్సర్ మీద ఆ ఛాయ ఉండదు. మూలలు చీకటిపడటం మాత్రం ఉంటుంది, దాన్ని సరిచేయడం తేలిక. సరళరేఖలను దాదాపు వంకర చేయని ఆ లెన్సు రంగు కెమెరా వాళ్లకు తలనొప్పి, మోనోక్రోమ్ వాళ్లకు నిధి. అయితే 21కి కెమెరాలో గీతలుండవు, పైన విడి వ్యూఫైండర్ పెట్టుకోవాలి.

ఇక పెద్ద అపెర్చర్ సంగతి. గడుల జల్లెడ లేకపోవడం వల్ల ఈ సెన్సర్లు సుమారు ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ అందుకుంటాయి. చీకట్లో ఎఫ్ 1.4 చేసే పనిలో సగం కెమెరాయే చేసేస్తుందన్నమాట. పగలు అదే ఇబ్బంది. ఎర్రటి ఎండలో ఎఫ్ 16 దగ్గర షట్టర్ వేగం ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే తీవ్రత) అంకెతో సమానంగా ఉండాలన్నది పాత లెక్క. మొదటి మోనోక్రోమ్ అసలు ఐఎస్ఓ 320. ఎఫ్ 16కు 1/320 అయితే ఎఫ్ 1.4కు 1/40,000 సెకను దాకా కావాలి. ఆ షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. మూడు స్టాపులకు పైగా వెలుతురు మిగిలిపోయింది కనుక రంగు మార్చకుండా వెలుతురు మాత్రమే తగ్గించే ఎన్‌డీ ఫిల్టరైనా ముదురు ఎరుపైనా తగిలించాలి, లేదా ఎఫ్ 5.6కు మూయాలి. ఎం11 మోనోక్రోమ్‌లో ఐఎస్ఓ 125, ఎలక్ట్రానిక్ షట్టర్ 1/16,000 కనుక ఎఫ్ 1.4 సరిగ్గా సరిపోతుంది. పాత కెమెరా కొనేవాళ్లకు ఎఫ్ 2 గానీ ఎఫ్ 2.8 గానీ చాలు.

పొడవాటి లెన్సులకు రేంజ్‌ఫైండరే హద్దు గీస్తుంది. ఫోకల్ పొడవును మి.మీ.లో వర్గం చేసి, 0.0003తో గుణించి, ఎఫ్ నంబరుతోనూ ఒప్పుకునే మసక చుక్క వ్యాసంతోనూ (మి.మీ.లో) భాగిస్తే కావలసిన బేస్ పొడవు, అంటే రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండర్ పెద్దది చేసి చూపే రెట్లతో గుణించినది, వస్తుంది. ఆ 0.0003 కంటి చూపు పదును, సుమారు ఒక నిమిషం కోణం. ఫిల్మ్ రోజుల్లో మసకను 0.03 మి.మీ. దాకా ఒప్పుకునేవారు. దాని ప్రకారం 50 మి.మీ. ఎఫ్ 1.4కు 18 మి.మీ., 90 మి.మీ. ఎఫ్ 2కు 40 మి.మీ. చాలు. 2012 నాటి కెమెరాకు ఉన్నది సుమారు 47, ఎం10 తరానికి సుమారు 50. కానీ 40, 60 మెగాపిక్సెళ్ల ఫైలును నిండు సైజులో చూసేవాళ్లు 0.03తో తృప్తిపడరు. దాన్ని సగం చేస్తే అవసరం రెట్టింపవుతుంది: 50 ఎఫ్ 1.4కు 36, ఇంకా చేతిలో పనే. 90 ఎఫ్ 2కు 81, అంటే గురి తప్పడమే ఎక్కువ. 90 ఎఫ్ 4కు మళ్లీ 40. నిలువు గీతలను కలిపేటప్పుడు కంటి పదును ఇంకాస్త మెరుగు కనుక ఈ లెక్క కొంచెం పిరికిదే. అయినా 90 కొనేవాళ్లు ఎఫ్ 4, ఎఫ్ 2.8 లకే పరిమితమైతే మంచిది. 135 కోసం ఆశపడేవాళ్లు లైవ్ వ్యూ ఉన్న కెమెరా చూసుకోవాలి.

పాత లెన్సులు వెలుగుల్ని (బొమ్మలో బాగా తెల్లటి భాగాల్ని) కాపాడతాయన్న ప్రచారం సగమే నిజం. ప్రతిఫలనాలను తగ్గించే పూత ఒక్క పొరే ఉన్న లెన్సుల్లోనూ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి పూత లేని లెన్సుల్లోనూ లోపలి ప్రతిఫలనాల వల్ల పలచటి వెలుతురు బొమ్మంతా పరుచుకుంటుంది. దానివల్ల నీడలు పైకి లేస్తాయి. వెలుగులు కిందికి దిగవు. ఈ సెన్సర్‌లో వెలుగు ఒకసారి తెల్లగా మాడిందంటే ఇక రాదు, రంగు కెమెరాలోలాగా కనీసం ఒక చానెలైనా మిగిలి ఆదుకునే వీలుండదు. వెలుగులను కాపాడేది తక్కువ ఎక్స్‌పోజర్ మాత్రమే, నీడల్ని తర్వాత లేపుకోవచ్చు. పాత లెన్సు మెత్తదనం ఇష్టమైతే నిక్షేపంగా వాడండి, మొహాలకు ఎంతో బాగుంటుంది. కొనేముందు అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపలి గాజు మీద పొగలాంటి పొర కనబడితే అది మెత్తదనం కాదు, ఆవిరైన గ్రీజు. శుభ్రం చేయించే ఖర్చు కలిపి బేరమాడాలి.

కెమెరాకే మరతో బిగించే పాత లెన్సులకు (ఆ మౌంట్ మర కూడా 39 మి.మీ.యే, ఫిల్టర్ మరతో దానికి సంబంధం లేదు) వాడే అడాప్టర్ మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి, ఎందుకంటే లెన్సు బిగించే చోటు నుంచి సెన్సర్ దాకా దూరం మర మౌంట్‌కు 28.8 మి.మీ., ఎం మౌంట్‌కు 27.8. చవక అడాప్టర్లు కొన్ని ఈ కొలత తప్పుతాయి, అప్పుడు అనంతం దగ్గరే ఫోకస్ తప్పుతుంది. 28/90, 35/135, 50/75 గీతలకు మూడు రకాల అడాప్టర్లు ఉంటాయి, లెన్సుకు తగ్గది అడిగి తీసుకోవాలి. లోపలికి ముడుచుకునే పాత లెన్సును డిజిటల్ కెమెరా మీద ముడవొద్దు, గొట్టం లోపలి భాగాలకు తగలవచ్చు.

కొన్నాక పరీక్ష ఇలా చేయాలి. ముందు కిలోమీటరుకు పైగా దూరంలోని స్తంభం లాంటిదాన్ని చూసి, లెన్సు అనంతం దగ్గర ఆగినప్పుడు రెండు బొమ్మలు కలుస్తున్నాయో లేదో గమనించండి. తర్వాత ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఒక మీటరు దూరంలో స్కేలును 45 డిగ్రీలు వాల్చి, దాని మధ్య గీత మీద ఫోకస్ చేసి, రింగు కదపకుండా పూర్తి అపెర్చర్, ఎఫ్ 2.8, ఎఫ్ 4, ఎఫ్ 5.6 దగ్గర తీయండి. అవే మళ్లీ మీరు ఎక్కువగా వాడే ఫిల్టర్‌తో తీయండి. లెన్సులన్నీ ఒకే వైపు తప్పితే తప్పు కెమెరా రేంజ్‌ఫైండర్‌ది. ఒక్కటే తప్పితే ఆ లెన్సుది. అపెర్చర్ మూసేకొద్దీ పదును వెనక్కి జారుతుంటే మరమ్మతు చేయించినా పోదు, ఆ లెన్సు నిర్మాణమే అంత. సి-సొన్నార్ 50 ఎఫ్ 1.5 ఇందుకు పేరుమోసింది. దాన్ని వాడేవాళ్లు తమకు నచ్చిన ఒక అపెర్చర్‌కు సర్దించుకుని, మిగతాచోట్ల రింగును సవరించడం అలవాటు చేసుకుంటారు. అంత ఓపిక లేనివాళ్లకు ప్లానార్ ఉంది.

ఆ వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో అలాగే ఉంచుతారు కనుక, కనీసం ఫిల్టర్ల పని కంప్యూటర్లో చేసుకోవచ్చన్న వాక్యం, ఊదా గీతల గురించిన వాక్యం సరిదిద్దమని కోరుతున్నాను. లెన్సుల పట్టికలో ఎఫ్ నంబరు పక్కన ఫిల్టర్ మర సైజుకు ఒక గడి కలిపితే కొనేవాళ్లకు ఇంకా ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు