పిట్యూటరీ గడ్డ: కత్తి కంటే ముందు రక్తపరీక్ష

సంపాదకులకు,

అయ్యా,

ఏటా జూన్ 8న ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినం వస్తుంది. ఆ రోజు పత్రికలన్నీ మెదడు గడ్డల మీద వ్యాసాలు వేస్తాయి. అవి ఎక్కువగా క్యాన్సర్ గడ్డల గురించే ఉండడం వల్ల, స్కానింగ్ రిపోర్టులో ‘పిట్యూటరీ అడినోమా’ అన్న మాట చూసినవారు కూడా అదే జబ్బు తమకు వచ్చిందనుకుని హడలిపోతున్నారు. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. ఈ గడ్డలున్నవారికి మందుల కిటికీ దగ్గర నిలబడి మాత్రలిచ్చిన అనుభవంతో, మన ఉత్తరాంధ్ర పాఠకులకు పనికివచ్చే కొన్ని సంగతులు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

పిట్యూటరీ గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది, బరువు సుమారు అర గ్రాము. ముక్కు మొదలుకు వెనుక, పుర్రె అడుగు ఎముకలో ఉన్న చిన్న గుంటలో ఇది కూర్చుని ఉంటుంది. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, ఆడవారిలో అండాశయాలు, మగవారిలో వృషణాలు ఎంత పనిచేయాలో నిర్ణయించేది ఇదే. దీని మీద పుట్టే గడ్డల్లో చాలా ఎక్కువ భాగం అడినోమాలు. అవి క్యాన్సర్ కావు, వేరే అవయవాలకు పాకవు. మరణానంతర పరీక్షల్లోనూ, వేరే కారణాలతో తీసిన స్కాన్లలోనూ సుమారు పదిశాతం మందిలో చిన్న గడ్డలు బయటపడుతున్నాయంటే, జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టనివే ఎక్కువని అర్థమవుతుంది. 10 మిల్లీమీటర్ల లోపు ఉన్నదాన్ని మైక్రో అడినోమా అనీ, అంతకు పైబడిన దాన్ని మాక్రో అడినోమా అనీ అంటారు. హార్మోన్లు అదనంగా తయారుచేయకుండా, చూపు నరాన్ని తాకకుండా ఉన్న చిన్న గడ్డను డాక్టర్లు అప్పుడప్పుడు స్కాన్ తీయించి గమనిస్తూ ఉంటారు, అంతే.

హార్మోను అదనంగా తయారుచేసే గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టినోమా. ప్రొలాక్టిన్ బాలింతకు పాలు పడేలా చేసే హార్మోను. అది అవసరం లేని వేళ పెరిగితే నెలసరి ఆగిపోతుంది, కాన్పు లేకుండానే పాలు వస్తాయి, గర్భం రావడం కష్టమవుతుంది. మన పల్లెల్లో ఇలాంటి లక్షణాలు కనబడితే మొదట వినబడే మాట ‘గాలి సోకింది’ అని, ఆ తర్వాత ‘కోడలిలో లోపముంది’ అని. ఆ కోడలు నలుగురు డాక్టర్ల దగ్గరకు, ఇద్దరు భూతవైద్యుల దగ్గరకు తిరిగిన తర్వాత గానీ ఎవరికీ ఒక్క రక్తపరీక్ష రాయాలని తోచదు. మగవారి పరిస్థితి ఇంకా అన్యాయం. వారికి కోరిక తగ్గడం, సంతానం కలగకపోవడం తప్ప బయటకు కనిపించే గుర్తు ఉండదు కాబట్టి, గడ్డ పెద్దదై తలనొప్పి, చూపు తగ్గడం మొదలయ్యాకే ఎక్కువమందికి తెలుస్తుంది.

అయితే ప్రొలాక్టిన్ పెరిగిందంటే గడ్డ ఉన్నట్టే అనుకోకూడదు. గ్యాస్ మాత్రలో కలిపి ఇచ్చే డోమ్‌పెరిడోన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ వంటి మందులు కూడా దాన్ని పెంచుతాయి. డోమ్‌పెరిడోన్ కలిసిన గ్యాస్ మాత్రను మన ఊళ్లలో చిరుతిండిలా వాడేస్తున్నారు. ఈ విషయంలో మా ఫార్మసిస్టుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. థైరాయిడ్ బాగా తగ్గినవారిలోనూ, గర్భిణుల్లోనూ ప్రొలాక్టిన్ ఎక్కువే ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది మరొకటుంది: మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో కూడా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కాబట్టి పలాస, సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చిన రోగి రక్తపరీక్షలో ఆ అంకె కాస్త ఎక్కువగా ఉంటే ముందు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలతో పాటు వాడుతున్న మందుల పట్టీ మొత్తం చూడాలి. ఎంఆర్‌ఐలో ఎక్కించే గాడోలినియం మందు విషయంలోనూ కిడ్నీ రోగులకు జాగ్రత్త అవసరం గనుక, స్కానింగుకు వెళ్లినప్పుడు తమ జబ్బు గురించి అక్కడివారికి ముందే చెప్పాలి.

నిజంగా ప్రొలాక్టినోమా అని తేలితే ఎక్కువమందికి ఆపరేషనే అక్కర్లేదు. కేబర్గోలిన్ అనే మాత్రను సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు, తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. దానితోనే ప్రొలాక్టిన్ దిగివస్తుంది, చాలామందిలో గడ్డ కూడా చిన్నదవుతుంది, నెలసరి తిరిగి వస్తుంది. మొదట్లో కడుపులో వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటాయి గనుక రాత్రి భోజనం చేశాక వేసుకోవడం మేలు. ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఇదే మాత్రను, బిడ్డ పోయిన బాలింతలకు పాలు ఆగడానికి కూడా ఇస్తారు. అందుచేత మందుల దుకాణాల్లో దీనికి ‘పాలు ఆగే మాత్ర’ అనే పేరు స్థిరపడిపోయింది. చీటీ పట్టుకుని వచ్చిన ఒక మగమనిషిని చూసి కౌంటరులో ఉన్న కుర్రవాడు పక్కవాడితో ఏదో అని నవ్వడం, ఆయన మాత్రలు తీసుకోకుండానే వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. మరికొందరు రెండు నెలలు వాడి, ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని మానేస్తారు. కనీసం రెండేళ్లు వాడాక, ప్రొలాక్టిన్ మామూలుగా ఉండి స్కానులో గడ్డ కనిపించకపోతేనే తగ్గించే ఆలోచన చేస్తారు. గర్భం దాలిస్తే మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

మిగతా గడ్డల తీరు వేరు. గ్రోత్ హార్మోను ఎక్కువైతే పెద్దవారిలో ఉంగరం వేలికి బిగుసుకుపోతుంది, చెప్పుల సైజు పెరుగుతూ పోతుంది, దవడ ముందుకు వస్తుంది. ఈ మార్పు ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి ఇంట్లోవారికి తెలియదు, పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అడ్రినల్‌ను ఉసిగొల్పే హార్మోను ఎక్కువైతే ముఖం గుండ్రమై, పొట్ట మీద ఊదారంగు చారలు పడి, బీపీ, షుగరు ఒక పట్టాన లొంగవు. 1932లో దీన్ని విశదంగా వర్ణించిన అమెరికా సర్జన్ హార్వే కుషింగ్ పేరుతోనే ఆ జబ్బును పిలుస్తారు. ఈ రెండు రకాలకూ, చూపు నరాన్ని నొక్కే, ప్రొలాక్టినోమా కాని పెద్ద గడ్డలకూ ఆపరేషనే మొదటి మార్గం. పుర్రె తెరుస్తారన్న భయం చాలామందికి అక్కర్లేదు. ముక్కు రంధ్రం గుండా ఎండోస్కోపుతో వెళ్లి గడ్డను తీస్తారు. ముక్కు దారిలో ఈ గడ్డను తీయడం 1907లోనే మొదలైంది. ఆపరేషను తర్వాత కొందరికి విపరీతమైన దాహంతో పాటు మూత్రం ఎక్కువగా పోవచ్చు, ముక్కు నుంచి నీరులాంటి ద్రవం కారవచ్చు. రెండింటినీ వెంటనే డాక్టరుకు చెప్పాలి. అడ్రినల్ హార్మోను లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు డాక్టరు ఎవరికి రాశారో వారు వాటిని ఒక్క పూట కూడా సొంతంగా మానకూడదు. జ్వరం వచ్చినప్పుడు మోతాదు ఎంత పెంచాలో డిశ్చార్జి రోజునే అడిగి చీటీ మీద రాయించుకోవాలి.

చూపు సంగతి నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. పెద్ద గడ్డ చూపు నరాలు కలిసే చోట ఒత్తితే మొదట పోయేది ఎదురుచూపు కాదు, రెండు వైపుల పక్కచూపు. కంటి శిబిరంలో అక్షరాల బోర్డులోని ఆఖరి వరుస వరకు తప్పులేకుండా చదివిన మనిషే, బయటకు వస్తూ గుమ్మానికి భుజం తగిలించుకుంటాడు. అరసవల్లిలో సూర్యభగవానుడికి కంటిచూపు కోసం మొక్కుకునే జిల్లా మనది. కంటి శిబిరాలకూ కొదవలేదు. ఆ శిబిరాల్లో ఒక చిన్న పరీక్ష కలపవచ్చు. రోగికి ఎదురుగా చేయి చాపినంత దూరంలో కూర్చుని, ఒక కన్ను మూయించి, పరీక్షించేవారి ముక్కు వైపే చూడమని చెప్పి, వేలిని పక్క నుంచి లోపలికి తెస్తూ ఎక్కడ కనబడిందో అడగాలి. రెండో కంటికీ అలాగే చేయాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. అనుమానం వస్తే పక్కచూపును యంత్రంతో కొలిచే పెరిమెట్రీ పరీక్షకు పంపవచ్చు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు పడిపోవడం లేదా రెప్ప వాలిపోవడం కలిసి వస్తే గడ్డలోకి రక్తస్రావమై ఉండవచ్చు. అది తెల్లవారే దాకా ఆగే జబ్బు కాదు, 108కి ఫోన్ చేయవలసిందే.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోని ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బుల విభాగానికి రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని, ప్రొలాక్టిన్ అంకె ఎంతుందో చూపించుకోవడానికి అంత దూరం పోవాలా? శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ, 2023లో తరగతులు మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ వారానికి ఒక్కరోజైనా హార్మోన్ల నిపుణుల ఓపీ క్రమం తప్పకుండా నడపాలనీ, ప్రొలాక్టిన్ పరీక్షను, కేబర్గోలిన్ మాత్రను ఉచితంగా అందించాలనీ, మధ్యలో జరిగే తనిఖీలను, ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ అయిన ఈ-సంజీవని ద్వారా చేయించాలనీ రెండు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. కంటి శిబిరాలు నడిపేవారు పక్కచూపు పరీక్షను వచ్చే శిబిరం నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ ఉత్తర్వూ రానక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా