బియ్యంతో పాటు ఓడ ఎక్కిన నీటికీ లెక్క రాయండి

గౌరవనీయులైన రాష్ట్ర నీటిపారుదల, పౌర సరఫరాల శాఖల మంత్రి గారికి,

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి బోరుబావి కింద సేద్యం చేసుకునే ఒక రైతు నమస్కరించి రాస్తున్న లేఖ.

2025 మార్చి నెలాఖరున కాకినాడ రేవు నుంచి మన రాష్ట్రపు 1010 రకం బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు బయలుదేరినప్పుడు మేమూ సంతోషించాము. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో గాని ఎత్తివేయలేదు కనుక, గోదాముల్లో నిల్వలు పేరుకున్న రాష్ట్రానికి బయటి మార్కెట్ దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఓడలో బియ్యంతో పాటు నీరు కూడా వెళ్లింది. కిలో వడ్లు పండించడానికి వాన, సాగునీరు కలిపి సగటున 2,500 లీటర్లు పొలానికి అందాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది; ఆ సంస్థ ఉన్నది మన బియ్యం కొన్న ఫిలిప్పీన్స్‌లోనే. మరపట్టగా పోయే ఊక, తవుడు సంగతి అటుంచి 12,500 టన్నులకే గుణించినా ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) దాటుతుంది. అందులో కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుందన్న మాట నిజమే, కాని కరెంటు మోటారుతో తోడిన నీరంతా తిరిగి భూమిలోకి చేరదు.

మా ప్రాంతంలో ఈ లెక్కకు ఇంకో ముఖం ఉంది. ఇక్కడి గ్రానైట్ రాతి పొరల్లో ఫ్లోరైడ్ ఉన్నందున, బోరు లోతుకు పోయిన కొద్దీ, రాతిని ఎక్కువ కాలం అంటుకుని ఉన్న నీరే పైకి వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న పరిమితిని దాటిన ఊళ్లలో వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీరు కుళాయిలో వస్తున్నది, అందుకు కృతజ్ఞులం. అయినా పశువుల తొట్టికీ, కూరగాయల మడికీ ఇప్పటికీ బోరు నీరే దిక్కు.

వరి మానెయ్యమని నేను కోరడం లేదు. నీళ్లు నిలిచిన మడి నుంచి మీథేన్ వెలువడి వాతావరణాన్ని వేడెక్కిస్తుందని, ఆరుతడి పెడితే అది తగ్గి నీరు కూడా దాదాపు 30 శాతం వరకు ఆదా అవుతుందని వ్యవసాయాధికారులు చెప్పేదే. మడిలో రంధ్రాల గొట్టం పాతి, నీటిమట్టం నేల కింద సుమారు ఆరంగుళాల లోతుకు దిగాక మళ్లీ నీరు పెట్టడం, పూత దశలో మాత్రం ఆరనివ్వకపోవడం, ఇంతకు మించి ఇందులో విద్య లేదు. మరి రైతు ఎందుకు చెయ్యడు? సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతుకు తన వంతు ఏ రోజున వస్తుందో తెలియదు. తెలియనివాడు దొరికినప్పుడే మడి నింపుకుంటాడు. అతని బుద్ధిని మార్చే ముందు కాలువ వంతుల పట్టికను తూము దగ్గర గోడ మీద రాయించి, ఆ తేదీకి నీరు ఇవ్వండి. బోరు రైతు విషయం వేరు. అతనికి ఊళ్లోనే కాంటా పెట్టి కొనేది వడ్లు మాత్రమే. 2025-26లో కందికి క్వింటాలుకు 8,000 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699 మద్దతు ధరగా కేంద్రం ప్రకటించినా, కొనే కేంద్రం లేని చోట ఆ ధర కాగితం మీదిదే. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్ల పక్కనే జొన్న, కంది కూడా తూచే ఏర్పాటు ఒక్క యాసంగికి చేసి చూడండి. ఎన్ని ఎకరాల్లో మోటార్లు ఆగుతాయో మీరే లెక్కించవచ్చు.

నీరు వదిలేదీ, ధాన్యం కొనేదీ రెండూ మీ శాఖలే కనుక ఈ లేఖ మీకు రాశాను. ఇకపై చేసే ప్రతి ఎగుమతి ఒప్పందానికీ ఆ ధాన్యం ఏ ఆయకట్టుది, కాలువ కిందిదా, బోరు కిందిదా, ఎంత నీటితో పండిందన్న వివరాన్ని జతచేసి ప్రజల ముందు ఉంచవలసిందిగా, బోరు మండలాల ధాన్యాన్ని ఆ ఒప్పందాల నుంచి మినహాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మర్రిగూడ మండల రైతు