మడతచాకు మీద పేరు చెక్కే ముందు

ఒరేయ్ శీనూ,

మడతచాకు మీద పేరు చెక్కిస్తానన్నావు, బావుంది. కానీ ఇంట్లో రోటరీ టూల్, అదే గిర్రున తిరిగే చెక్కుడు మిషను, ఉంది కదా అని దాన్ని తీసుకెళ్లి బ్లేడు మీద పెట్టకు.

బ్లేడు గట్టిపరిచిన ఉక్కురా, మామూలు ఉలి దాని మీద జారిపోతుంది. జారితే అడ్డంగా ఓ గీత పడుతుంది, అది ఇక పోదు. ఆ టూల్‌కి పెట్టే డైమండ్ బిట్ కోస్తుంది గానీ ఒకేచోట నొక్కి ఉంచితే వేడెక్కుతుంది. కార్బన్ ఉక్కు మీద ఎండుగడ్డి రంగు కనిపిస్తే 200 డిగ్రీలు దాటినట్టు, నీలం తేలితే 300 దగ్గరికి వచ్చినట్టు. అక్కడ టెంపర్, అంటే ఉక్కుకి పట్టించిన గట్టిదనం, పోయినట్టే. వాదర, అంటే కోసే అంచు, దగ్గర అలా అయితే ఎంత నూరినా పదును నిలవదు.

అందుకే బ్లేడుకి ఉప్పునీళ్లూ 9 వోల్టుల బ్యాటరీయే మేలు. బ్లేడుకి నెయిల్ పాలిష్ పూత వేసి అక్షరాల మేర గీకేస్తే, అక్కడ మాత్రమే కరెంటు లోహాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. ముందు చాకు తెరిచి, వాదరకి మందంగా టేపు చుట్టు. ఇరుసు చుట్టూ కూడా టేపు వెయ్యి, ఉప్పునీళ్లు లోపలికి దిగితే తుప్పు అక్కడే మొదలవుతుంది. రివెట్లు కొట్టిన చాకైతే విప్పే ప్రయత్నమే వద్దు. తర్వాత బ్లేడుని స్పిరిట్‌తో తుడువు. వేలిముద్రలోని జిడ్డు చాలు, పూత ఊడిపోవడానికి.

నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వు. సూదితో అక్షరాలు గీస్తూ లోహం మెరిసేదాకా పూత తీసెయ్. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, 5 మిల్లీమీటర్ల కంటే చిన్నగా గీస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఒత్తులు లేని పేరైతే ఇంకా నయం.

అరకప్పు నీళ్లలో అర చెంచా ఉప్పు కలుపు. బ్యాటరీ ప్లస్ తీగ కత్తికి, మైనస్ తీగ దూదిపుల్ల తడిదూదికి తగలాలి. తారుమారైతే బుడగలు వస్తాయి గానీ అక్షరం పడదు. దూది తడిగా ఉండాలి, కారకూడదు. కారితే నీళ్లు పూత అంచుల కిందికి పాకి అక్షరం చెదురుతుంది. ఐదారు సెకన్లు అద్ది, తీసి, మళ్లీ అద్దు. దూది నల్లబడగానే మార్చు. ఒక్కో అక్షరానికి నిమిషం పైన పట్టొచ్చు. గోరు ఆడిస్తే తట్టేంత లోతు చాలు. స్టెయిన్‌లెస్ ఉక్కు నుంచి క్రోమియం దిగుతుంది, కాబట్టి గ్లవ్స్ వేసుకో, కిటికీలు తెరువు, ఆ నీళ్లు వంటింటి సింకులో పారబోయకు.

అయ్యాక వంటసోడా నీళ్లతో కడుగు, పూతని ఎసిటోన్‌తో తీసెయ్, పూర్తిగా ఆరబెట్టి మెషిన్ ఆయిల్ చుక్క రాయి. ఆ ఆయిల్ మరిచిపోతే రేపటికల్లా అక్షరాల్లో ఎర్రగా కనిపిస్తుంది.

అక్షరాలు బ్లేడు చదునులో, వెన్నుకి దగ్గరగా ఉంటే మంచిది. ఇరుసు దగ్గరా, తెరిచిన బ్లేడుని పట్టి ఉంచే లాక్ స్ప్రింగు మీదా అసలు ముట్టుకోకు. స్ప్రింగు వంగుతూ ఉంటుంది, లోతైన గీత పడితే అక్కడే చిట్లుతుంది. నాకైతే పిడి చివరనున్న ఇత్తడి భాగమే అన్నిటికంటే ఇష్టం. ఇత్తడి మెత్తన, ఉలి హాయిగా దిగుతుంది. కాకపోతే ముందు అది పైన ఇత్తడి పూత వేసిందో ముద్ద ఇత్తడో చూసుకో. పిడి ఫైబర్‌ది అయితే మాస్కు లేకుండా చెక్కకు, ఆ ధూళి ఊపిరితిత్తులకి చేటు.

ముందు ఒక పాత హాక్సా బ్లేడు మీద చేసి చూడు. అది కూడా ఉక్కే కాబట్టి నీ చేయి ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది. అక్షరం ఎలా వచ్చిందో ఫొటో పంపు, చాకు జోలికి తర్వాత వెళ్దువుగాని.

ఉంటాన్రా.